శంకుస్థాపనలును, ఎడమమరయు

జమ్మలమడుగు పరిసరములలో ఉక్కు కర్మాగారమునకు 2007, 2018, 2019, 2023 సంవత్సరములందు నాలుగు మారులు పునాదిరాయి పడినది. రాళ్లు వేసిన ముఖ్యమంత్రులు మువ్వురు. నడుమ 2014 నాటి రాష్ట్ర పునర్విభజన చట్టము ఈ జిల్లాలో ఉక్కు కర్మాగారము సాధ్యమగునో కాదో ఆరు మాసములలో పరిశీలింపుమని సెయిలు సంస్థకు చెప్పినది. ఇన్ని రాళ్లను మోసిన నేలమీద, ఇంటివద్ద చిన్న కారు కట్టుకొనబూనిన యువకుడు, చక్రమును చట్రమునకు బంధించు లింకుకడ్డీకి రెండు కొనలు దొరకక చెన్నపట్టణమునకో కోయంబత్తూరునకో పరుగిడుచున్నాడు. ఇంతకంటె నవ్వుబాటు వేరొకటి కలదా?

ఆ వస్తువు బ్రహ్మవిద్య కాదు. ఒక ఉక్కు గొట్టము. దాని కొక కొనను కుడిమర, రెండవ కొనను ఎడమమర. ఆ మరలలో నెక్కు రాడ్ ఎండులు రెండు, అనగా లోపల గుండు తిరుగు కన్నుగల ముక్కలు. సడలకుండ పట్టు లాక్‌నట్లు రెండు. గొట్టమును త్రిప్పినచో కడ్డీ పొడవు పెరుగును, తగ్గును. విప్పదీయకయే చక్రపు వాలును దిద్దుకొనవచ్చును. ఈ యుక్తిని మన రైతు ఎరుగడా? ట్రాక్టరు వెనుక పనిముట్టును నిలుపు టాప్ లింకు అచ్చముగ నిదియే. మేము మూడు ఊళ్లలోను విచారించితిమి. టాప్ లింకు అడిగిన చోటనెల్ల దొరకినది. ఎడమమర కోయు టాపుగల లేతుషాపు మాత్రము మా కంటబడలేదు.

టాప్ లింకునే కోసి తగిలించుకొనరాదా యని మిత్రులొకరు మమ్ము ప్రశ్నించిరి. ఈ సర్దుబాటు బుద్ధియే మన పాలిటి శని! నాగలి సహించు వదులును చక్రము సహింపదు. గుంతగుంతకును ఒకమారు లాగుడు, ఒకమారు నెట్టుడు. మెత్తని ఇనుమున లేతుపై కోసిన మర అడుగున వెంట్రుకవాసి బీటతో మొదలై యొకనాడు పుటుక్కున తెగును. చుట్టి ఒత్తిన మర, తగిన వేడిశుద్ధి పొందిన ఉక్కు వలయును. బోల్టు తలపై 8.8 అని యున్నచో అది చదరపు మిల్లీమీటరునకు 800 న్యూటనుల లాగుడునకు తాళవలెననియు, అందు నూటికి 80 పాళ్ల వరకు సాగిపోరాదనియు అర్థము. ఆ ముద్ర లేని సరకును తూకమున కొని, దానిమీద ప్రాణమును నిలుపుచున్నాము. కమ్మలకు హాల్‌మార్కు అడుగు ప్రొద్దుటూరు పురజనులు బోల్టునకు ముద్ర అడుగరేల?

చేతులు లేవని యెవ్వరును అనజాలరు. కమ్మశీలకు సన్నని మర కోయు స్వర్ణకారుడు ఈ పట్టణముననే కలడు. పులివెందులలో 2006 నుండి సాంకేతిక విశ్వవిద్యాలయపు ఇంజనీరింగు కళాశాల కలదు. దేశమందలి విద్యార్థులు తాము కట్టిన బండ్లతో 2007 నుండి బాహా పోటీలలో దిగుచున్నారు. (రాజమార్గమున నడపుటకు 1989 నాటి కేంద్ర మోటారు నిబంధనల ప్రకారము పరీక్షయు అనుమతియు వేరుగ కావలెను, మేమిచట చెప్పునది మైదానపు బండిని గూర్చియే.) చేయి యున్నది, చదువున్నది, నడుమ కొలిమి లేదు.

ఉక్కు కర్మాగారము వలదని మేమనము. కాని ఇచట కరగిన ఉక్కు కడ్డీలై లారీల కెక్కి, పొరుగు రాష్ట్రమున కొనలై, పదింతల వెలతో తిరిగివచ్చునేని మనకు దక్కునది పొగ యొక్కటియే. ప్రొద్దుటూరున ఒక వేడిశుద్ధి కొలిమి, ఒక లాగుడు పరీక్షాయంత్రము, లేతుషాపులకు అద్దెకిచ్చుటకు మంచి టాపులు: వీనికి నాలుగు శంకుస్థాపనల పందిళ్లకైన వ్యయములో ఎన్నవ పాలు పట్టునో పాలకులు లెక్క చూపవలెను. ఐదవ రాతిని తెచ్చు మహానుభావు లెవ్వరో మాకు తెలియదు. వచ్చునప్పుడు ఒక ఎడమమర టాపును గూడ వెంట తెత్తురు గాక!