ముందు వినే తమీజ్ మషీన్‌కీ కావాలి

మెహఫిల్‌లో ఇద్దరు మాట్లాడుకుంటుంటే మధ్యలో దూరి గొంతు పెంచేవాణ్ణి మనం బత్తమీజ్ అంటాం. హామ్ రేడియోలోనూ ఇదే అదబ్. ఏ ఫ్రీక్వెన్సీ మీదైనా మాట్లాడే ముందు కాసేపు వినాలి. "ఇక్కడ ఎవరైనా ఉన్నారా?" అని అడగాలి. జవాబ్ రాకపోతేనే మొదలుపెట్టాలి. ఏ ఫ్రీక్వెన్సీకీ మాలిక్ లేడు, అందరికీ బరాబర్ హక్కు. కాబట్టి మొత్తం ఇంతెజామ్ ఈ అదబ్ మీదే నిలబడి ఉంది.

ఇప్పుడు ఈ మెహఫిల్‌లోకి మషీన్లు వచ్చాయి. ఇంటర్నెట్ లేని చోటు నుంచి, సముద్రం మధ్యలో ఉన్న పడవ నుంచి రేడియో మీద ఈమెయిల్ పంపడానికి విన్‌లింక్ అనే ఏర్పాటు ఉంది. దాని స్టేషన్లు చాలావరకు ఆటోమేటిక్. ముందు మనిషి కూర్చోడు. ఎవరైనా పిలిస్తే కంప్యూటరే జవాబ్ ఇస్తుంది.

తక్లీఫ్ ఇక్కడే. షార్ట్‌వేవ్ సిగ్నల్ ఆకాశం నుంచి తిరిగి ఎక్కడో దూరాన దిగుతుంది, మధ్యలో ఉన్న ఊళ్లను దాటేసిపోతుంది. అందువల్ల పిలిచేవాడికి అక్కడ ముందే నడుస్తున్న గుఫ్తగూ వినిపించకపోవచ్చు. వాడి నీయత్ సాఫే. కానీ జవాబిచ్చే స్టేషన్ దగ్గర అదే గుఫ్తగూ గట్టిగా వినిపిస్తుండవచ్చు. మనిషైతే ఆగేవాడు. వినడం నేర్పని మషీన్ ఆగదు.

అమెరికాలో ఎఫ్‌సీసీ ఖానూన్ దీనికి కొంత ఇలాజ్ చేసింది. ఆటోమేటిక్ డిజిటల్ స్టేషన్లకు చాలా షార్ట్‌వేవ్ బ్యాండ్లలో చిన్న ముక్కలు కేటాయించింది. 20 మీటర్ల బ్యాండ్‌లో అవి 14.095 నుంచి 14.0995 మెగాహెర్ట్జ్ వరకు, 14.1005 నుంచి 14.112 వరకు. ఆ మధ్య ఖాళీలో, 14.100 మీద, శ్రీలంకతో సహా ప్రపంచమంతటా ఉన్న 18 బీకన్లకు చోటు. అవీ మషీన్లే, కానీ తలా 10 సెకన్లు వంతు ప్రకారం మాట్లాడతాయి. ముక్కల బయట షరతు వేరు: మనిషి నడిపే స్టేషన్ పిలిస్తేనే జవాబివ్వాలి, సిగ్నల్ వెడల్పు 500 హెర్ట్జ్ దాటకూడదు.

నా రాయ్‌లో ఇది సరిపోదు. వెడల్పు తగ్గినంత మాత్రాన దఖల్ ఆగదు. ఫ్రీక్వెన్సీ ఖాళీగా ఉందో లేదో వినే డిటెక్టర్ ప్రతి ఆటోమేటిక్ స్టేషన్‌కూ లాజిమీ కావాలి. ఆ హునర్ మోడెమ్‌లలో ఇప్పటికే ఉంది, కొత్తగా కనిపెట్టే పని లేదు. రెండోది, ఆ స్టేషన్ ఎవరిదో మామూలు రేడియో ఉన్నవాడికి కూడా తెలిసేలా మోర్స్‌లో తన పేరు చెప్పాలి. ఎవరో తెలియనివాడి మీద షికాయత్ ఎలా చేస్తాం?

డిటెక్టర్ పెడితే కొందరు షరారత్‌గా ఖాళీ సిగ్నల్ వదిలి మషీన్ నోరు మూయిస్తారని ఒక ఏతరాజ్ ఉంది. నిజమే. కానీ జాన్‌బూజ్‌కర్ అడ్డుపడటం ఇప్పటికే జుర్మ్. దొంగలున్నారని దర్వాజా కొట్టే అలవాటు మానేస్తామా?

ఆపద సమయంలో ఈ మషీన్లే సహారా కదా అని ఇంకొందరంటారు. ఆ మాటకు వజన్ ఉంది. కానీ 2004 సునామీ తర్వాత అండమాన్ నుంచి ఖబర్లు బయటికి చేర్చినవాళ్లలో హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున పోర్ట్‌బ్లెయిర్ వెళ్లిన భారతి ప్రసాద్ బృందం ఉంది. అలాంటి రోజున ఒక బలహీనమైన గొంతు మీద ఏ ఈమెయిలో వచ్చి పడితే? ఎవరి పైగామ్ ఎక్కువ జరూరీ అన్న ఫైస్లా మషీన్ చేయలేదు. కనీసం ఆగడమైనా తెలియాలి.

మీ ఇంట్లో బేటా, బేటీ ఎవరైనా హామ్ లైసెన్స్‌కు తయారవుతుంటే ఈ సబక్ ముందు చెప్పండి: మషీన్ ఆన్ చేసి పక్కకు వెళ్లినా జిమ్మేదారీ మనతోనే ఉంటుంది. లైసెన్స్ మీద ఉండేది మన పేరే, కంప్యూటర్ పేరు కాదు.