మడ్‌గార్డు పీకేసి బ్రేసు బిగించేవాళ్ళ కోసం

పాత బళ్ళ పిచ్చి ఉన్నవాళ్ళు ఏ ఇద్దరు కలిసినా మాట ఫోర్కు బ్రేసు మీదికి పోతుంది. ముందు చక్రం మీదుగా రెండు ఫోర్కు కాళ్ళనీ కలుపుతూ వంతెనలా ఉండే అల్యూమినియం ముక్క అది. చూడ్డానికి భలే ఉంటుంది, కాదనను. నా గోలేవిటంటే, మనవాళ్ళు మొదట చేసే పని కంపెనీవాడిచ్చిన ఇనప మడ్‌గార్డు ఊడబీకడం. రెండో పని "హ్యాండిల్ ఊగుతోంది గురూ" అంటూ బ్రేసు కొనడం. ఆ కాలపు చాలా బళ్ళకి ఆ మడ్‌గార్డూ, దాని లోపల రివెట్లు కొట్టిన ఇనప పట్టీయే బ్రేసు! ఉన్నదాన్ని పాతసామాన్లవాడికేసి, దాని బదులుదాని కోసం వేలు పోయడమన్నమాట. మా ప్రోగ్రామర్లకి ఇది కొత్తేం కాదు లెండి. "ఈ ఫంక్షన్ ఎందుకుందో తెలీలేదు, తీసేశా" అనేవాణ్ణి వారానికొకణ్ణి చూస్తుంటాం :)

అసలు ఆ ముక్క చేసే పనేవిటి? ఫోర్కులో పైన క్రోమ్ పైపు ఉంటుంది, కింద దాని మీద జారే అల్యూమినియం కాలు ఉంటుంది. పైపులు రెండూ హ్యాండిల్ దగ్గర క్లాంపుల్లో గట్టిగా బిగించి ఉంటాయి. కింద కాళ్ళు రెంటినీ కలిపేది మాత్రం ఇరుసొక్కటే. చక్రం గుంత అంచుకి తగిలినా, వంపులో బ్రేకు వేసినా ఒక కాలు ముందుకీ ఇంకోటి వెనక్కీ పోవాలని చూస్తాయి. పైగా డ్రమ్ము బ్రేకు ఉంటే, బ్రేకు ప్లేటు తిరక్కుండా ఆపే ఏర్పాటు ఒక కాలికే ఉంటుంది. ఒకటే డిస్కున్న బండిలో కూడా కాలిపర్ ఒక కాలికే. ఆ మెలికని ఆపడమే బ్రేసు ఉద్యోగం.

పాత బళ్ళకి ఈ అవసరం ఉత్త వేషం కాదు. 1969లో వచ్చిన హోండా సీబీ 750 అంతటి బండికి ఫోర్కు పైపులు 35 మి.మీ.వే. ఇవాళ్టి ఇంటర్‌సెప్టర్ 650కి 41. పైపు గోడ మందం కూడా అదే లెక్కన పెరిగితే గట్టిదనం వ్యాసానికి నాలుగో ఘాతంలో పెరుగుతుంది, అంటే ఆ 6 మి.మీ. తేడాకి దాదాపు 1.9 రెట్లు. మన దగ్గర 1983లో ఎస్కార్ట్స్ తెచ్చిన రాజ్‌దూత్ 350 లాంటి బండికి, దాన్ని నడపాల్సినట్టు నడిపేవాడికి, బ్రేసు పనికొస్తుందని నేనూ ఒప్పుకుంటా. ఆరెక్స్ 100కి ఎందుకో మాత్రం నాకర్థం కాదు. వంద కిలోల బండి, దానికి మడ్‌గార్డు చాలు.

ఇక అసలు సంగతి. బ్రేసు జబ్బుకి మందు కాదు. ముందు చక్రాన్ని గాల్లోకి లేపి, ఫోర్కు కాళ్ళు కింద పట్టుకుని ముందుకీ వెనక్కీ ఊపండి. టక్కుమంటే కోన్‌సెట్ లూజు, లేదా ఫోర్కులో బుష్‌లు అరిగాయి. హ్యాండిల్ అటూ ఇటూ తిప్పితే మధ్యలో గాడిలో పడ్డట్టు ఆగితే కోన్‌సెట్ పోయినట్టే. వెనక స్వింగ్ ఆర్మ్ బుష్‌లు, స్పోకులు, టైర్లు, ఫోర్కు ఆయిలు, ఇవన్నీ చూశాక కూడా బండి ఊగితే అప్పుడు బ్రేసు గురించి మాట్లాడుకుందాం. ఇవి వదిలేసి బ్రేసు వేస్తే ఊగడం కాస్త తగ్గినట్టు అనిపిస్తుంది. అదే నా భయం. లూజున్న సంగతి మర్చిపోయి ఇంకో ఇరవై పెంచి నడుపుతారు.

సరే, చేయిద్దామనే నిర్ణయించుకున్నారు. దయచేసి ఎవడో ఇచ్చిన డ్రాయింగు పట్టుకుని బాలానగర్ వెళ్ళకండి. అదే మోడల్, అదే సంవత్సరం అయినా సరే. నలభయ్యేళ్ళ బండి ఎన్నిసార్లు పడిందో, ఫోర్కు ఎవరు ఎలా తిన్నగా చేశారో ఎవరికి తెలుసు? మడ్‌గార్డు బోల్టులూ ఇరుసూ వదులు చేసి, ఫోర్కుని నాలుగైదు సార్లు బాగా నొక్కి వదలండి. కాళ్ళు వాటంతటవే సర్దుకుంటాయి. అప్పుడు ఇరుసు బిగించి వెర్నియర్‌తో కొలవండి. ఒక పైపు బయటి అంచు నుంచి రెండోదాని బయటి అంచు దాకా కొలిచి, అందులోంచి పైపు వ్యాసం తీసేస్తే మధ్యదూరం వస్తుంది. పైనా కిందా రెండుచోట్ల కొలవండి. రెండూ కలవకపోతే మీకు కావల్సింది బ్రేసు కాదు, కొత్త పైపులు.

ఇంత చాదస్తం ఎందుకంటే, బ్రేసు అర మి.మీ. కురచైనా కాళ్ళని లోపలికి లాగి పట్టుకుంటుంది. ఫోర్కు జారడం మానేసి బిగుసుకుంటుంది. గుంతొచ్చినప్పుడు కదలని ఫోర్కుకంటే కాస్త మెలి తిరిగే ఫోర్కే నయం. అందుకే ఒకవైపు బోల్టు రంధ్రాలు అడ్డంగా కాస్త పొడుగ్గా కోయించాలి, బిగించేముందు ఫోర్కుని మళ్ళీ నొక్కి వదలాలి. కాలి పైభాగాన్ని చుట్టూ పట్టుకునే క్లాంపు రకమైతే ఇంకో చిక్కు ఉంది. అతిగా బిగిస్తే కాలే నొక్కుకుపోతుంది, లోపల ఉన్నది ఆయిల్ సీలూ బుష్షూను.

లోహం గురించి కూడా ఓ మాట. "7075తో చేయించా బాస్, విమానాల్లో వాడేది" అంటారు. బలం ఎక్కువే, ఒప్పుకుంటా. కానీ మనక్కావల్సింది వంగకపోవడం. ఆ విషయంలో 6061 అయినా 7075 అయినా ఇంచుమించు ఒకటే, రెంటికీ యంగ్స్ మాడ్యులస్ 70 గిగాపాస్కల్స్ దగ్గరే ఉంటుంది. తేడా తెచ్చేది ఆకారం. ముక్క వెడల్పు ముందూ వెనకలుగా రెట్టింపైతే ఆ దిశలో గట్టిదనం 8 రెట్లవుతుంది. కమాను ఎంత ఎత్తుగా వంచితే అంత బలహీనం. పల్చటి ప్లేటుని నిలబెట్టి అందంగా తోరణంలా కోసి, మధ్యలో పేరు చెక్కించుకున్న బ్రేసులు చూశాను. తోరణాలు గుమ్మానికి బావుంటాయి.

ముందు అట్టముక్కతో చేసి చూడండి. త్రీడీ ప్రింటర్ అందుబాటులో ఉంటే ప్లాస్టిక్‌తో ఒకటి తీయండి, సరిపోతోందో లేదో చూడ్డానికే, రోడ్డెక్కడానికి కాదు. ఫోర్కు స్ప్రింగులు తీసేసి, కాళ్ళని పూర్తిగా పైకి నెట్టి, హ్యాండిల్ ఈ చివర నుంచి ఆ చివరకి తిప్పండి. కింది క్లాంపుకీ, హారన్‌కీ, సైలెన్సర్ పైపుకీ ఎక్కడా తగలకూడదు. టైరుకీ బ్రేసుకీ మధ్య చిన్న కంకరరాయి ఇరుక్కోనంత జాగా వదలండి. ఈ పని ఒక్కటీ ఎగ్గొట్టకండి, ఎనభైలో ముందు చక్రం పట్టేస్తే చెప్పుకోడానికి మిగలం. బోల్టులు 8.8 గ్రేడువి, ఊడిరాని నైలాన్ నట్లతో. వంద కిలోమీటర్లయ్యాక పానా పెట్టి మళ్ళీ చూడండి.

చివరగా, బ్రేసు ఉన్నప్పుడోసారి, తీసేసి ఓసారి ముందు బ్రేకు పట్టుకుని ఫోర్కుని నొక్కి చూడండి. బ్రేసుతో బిగుసుగా ఉంటే కొలత తేలేదాకా దాన్ని ఆఫీసు టేబుల్ మీద కాగితాలెగరకుండా పెట్టుకోండి. ఆ పాత మడ్‌గార్డు ఇంకా అటక మీదుంటే కిందికి దించండి.