ఏడాది సగటు కాదు, అధ్వాన్న నెల లెక్క కావాలి

ఉపగ్రహాల ద్వారా ఇంటర్నెట్ ఇచ్చే స్టార్‌లింక్‌కు మన దేశంలో 2025 జూన్‌లో లైసెన్స్ వచ్చింది మొదలు ఒకటే చర్చ: వానొస్తే నెట్ ఆగుతుందా? ఆ ఉపగ్రహాలు భూమికి దగ్గరగా తిరుగుతాయి కాబట్టి ఆగదని కొందరు తేల్చేస్తున్నారు. అది తప్పు. వాన ఉండేది మన నెత్తిమీది ఐదారు కిలోమీటర్లలోనే. ఉపగ్రహం 36 వేల కిలోమీటర్ల ఎత్తున ఉన్నా, 550 కిలోమీటర్ల ఎత్తున ఉన్నా సిగ్నల్ ఆ పొరను దాటాల్సిందే.

తేడా తరంగం పొడవులో ఉంది. 4 గిగాహెర్ట్జ్ సీ బ్యాండ్‌లో అది ఏడున్నర సెంటీమీటర్లు. కొన్ని మిల్లీమీటర్ల చినుకు దాన్ని పెద్దగా ఏమీ చేయలేదు. 12 గిగాహెర్ట్జ్ కేయూ బ్యాండ్‌లో రెండున్నర సెంటీమీటర్లే, 30 గిగాహెర్ట్జ్ కేఏ బ్యాండ్‌లో ఒక్కటే. అక్కడ చినుకు తరంగ శక్తిని కొంత పీల్చుకుంటుంది, కొంత చెదరగొడుతుంది. రోజంతా పట్టే ముసురు కన్నా అరగంట కుండపోతే ప్రమాదం. ఇది మనకు కొత్త విషయమూ కాదు. 2014 జనవరిలో శ్రీహరికోట నుంచి వెళ్లిన జీశాట్-14 ఉపగ్రహంలో 20.2, 30.5 గిగాహెర్ట్జ్ బీకన్లు పెట్టింది, వాతావరణంలో సిగ్నల్ ఎంత తగ్గుతుందో కొలవడానికే.

నా అభ్యంతరం '99.9 శాతం లభ్యత' అనే మాట మీద. అంటే ఏడాదిలో సుమారు 8 గంటల 45 నిమిషాల అంతరాయం. వినడానికి స్వల్పమే. కానీ వాన వల్ల పోయే ఆ గంటలు పన్నెండు నెలలకూ సమంగా సర్దుకోవు. మొత్తం ఒకే నెలలో పడితే ఆ నెల లభ్యత 98.8 శాతానికి దిగుతుంది. అందుకే అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ పి.581 సిఫార్సులో 'అధ్వాన్న నెల' అనే కొలమానం పెట్టింది. ఏడాది లెక్కను ఆ నెల లెక్కగా మార్చే పద్ధతి పి.841లో ఉంది. ఇంజినీర్లందరికీ తెలిసిన ఈ అంకె వినియోగదారుడికి మాత్రం ఎందుకు తెలియకూడదు?

జోరువానలో కోడింగ్ మార్చి, వేగం తగ్గించి లింకు నిలబెట్టవచ్చు, నిజమే. ఎంత తగ్గుతుందో కూడా చెప్పాలి మరి. 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం మొదటి షెడ్యూలు ప్రకారం ఈ ఉపగ్రహ సేవలకు స్పెక్ట్రం వేలం లేకుండా దక్కుతుంది. వేలం లేకుండా ప్రజల ఆస్తి తీసుకునేవారిని ఈ లెక్క అడిగే హక్కు ప్రభుత్వానికి ఉంది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు ఫోన్లు మూగబోయాయి. అలాంటి రోజుకు కేయూ, కేఏ డిష్‌లనే నమ్ముకోకండి. ప్రతి తుపాను కేంద్రంలో వానకు లొంగని ఎల్ బ్యాండ్ శాటిలైట్ ఫోన్ ఉంచండి. లైసెన్స్ షరతుల్లో జిల్లాలవారీగా అధ్వాన్న నెల లెక్క రాయించండి. టెలికాం శాఖకు నా విన్నపం ఇదే.