పాత హార్డ్ డిస్క్‌ని స్టీలు సామాన్లవాడికి వేసినట్టు వేసేయకండి

ఇంట్లో కంప్యూటర్ నత్తనడక నడుస్తోందంటే ఇప్పుడు అందరూ చెప్పే మందు ఒకటే, "ఎస్సెస్డీ వేయించండి" అని. మంచి మందే. పాత హార్డ్ డిస్క్‌లో పళ్ళాలు నిమిషానికి 5400 సార్లో 7200 సార్లో గిర్రున తిరుగుతుంటే, ఓ చిన్న ముల్లు అటూ ఇటూ కదులుతూ కావలసింది వెతుక్కోవాలి. ఎస్సెస్డీలో తిరిగేదేమీ లేదు, అందుకే అంత చురుకు. పైగా 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్టు ఆగిపోయింది కాబట్టి, పాత కంప్యూటర్ ఉన్న ఇంట్లో ఈ మాట ఎలాగూ వస్తుంది.

కొత్తది సరే, విప్పిన పాతదాని సంగతేంటి? "మాకిచ్చేయండమ్మా, బిల్లులో కాస్త తగ్గిస్తాం" అంటారు షాపులో. మావారు సరే అనబోతుంటే నేను వద్దన్నాను. "పాత ఇనుముకి ఇంత పట్టుదలా!" అని నవ్వారు.

ఇనుమేంటండీ? మావయ్యగారి షష్టిపూర్తి వీడియో, అమ్మాయి పుట్టినప్పటి ఫోటోలు, అందరి ఆధార్, పాన్ కాపీలు, ఇంటి దస్తావేజుల స్కాన్లు అన్నీ అందులోనే ఉన్నాయి. పాత చీరలిచ్చి స్టీలు గిన్నె తీసుకునేటప్పుడు కూడా కొంగున ఏమైనా ముడేశామా అని తడిమి చూసుకునే వాళ్ళం మనం. దీన్ని మాత్రం చూడకుండా ఇచ్చేస్తామా?

"డిలీట్ చేశాం కదా" అంటారు. డిలీట్ చేయడమంటే పుస్తకంలో విషయసూచిక చింపేయడం లాంటిది. లోపలి పేజీలు అలాగే ఉంటాయి. వాటి మీద వేరే ఏదైనా రాసేదాకా, తెలిసినవాళ్ళు ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్‌తోనే వెనక్కి తీయగలరు. క్విక్ ఫార్మాట్ కూడా అంతే. ఎవరికైనా ఇవ్వక తప్పకపోతే ముందు అన్నీ కాపీ చేసుకుని, విండోస్‌లో ఆ "క్విక్" దగ్గర టిక్కు తీసేసి పూర్తి ఫార్మాట్ చేయండి. గంటలు పడుతుంది, పట్టనివ్వండి.

నన్నడిగితే మాత్రం ఇవ్వడం కంటే వాడుకోవడమే మేలు. డెస్క్‌టాప్ అయితే ఎస్సెస్డీ నుంచి విండోస్ నడిపించి, పాతదాన్ని లోపలే రెండో డిస్కుగా ఉంచేయొచ్చు. ల్యాప్‌టాప్‌ది సాధారణంగా రెండున్నర అంగుళాల డిస్కు. దానికి సరిపడే డబ్బా కొన్ని వందల రూపాయల్లోనే దొరుకుతుంది, అందులో పెట్టి యూఎస్‌బీకి తగిలిస్తే చాలు. డెస్క్‌టాప్‌లో ఉండే మూడున్నర అంగుళాల డిస్కుని బయట వాడాలంటే కరెంటు అడాప్టర్ ఉన్న డబ్బా అడగాలి. డిస్కుకి బిట్‌లాకర్ తాళం వేసి ఉంటే, విప్పించకముందే దాని రికవరీ కీ రాసి పెట్టుకోండి. అది లేకపోతే మన ఫోటోలు మనకే తెరుచుకోవు.

ఇక్కడే ఒక హెచ్చరిక. పాత డిస్కుని వాడుకోవాలి కానీ, దాని మీదే భారం వేయకూడదు. ఏళ్ళ తరబడి తిరిగిన యంత్రం అది. టక్ టక్ మని శబ్దం వస్తున్నా, క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో లాంటి ఉచిత ప్రోగ్రామ్ నీలం బదులు పసుపో ఎరుపో చూపించినా, ఉన్నవన్నీ వేరేచోటికి కాపీ చేసి దానికి సెలవిచ్చేయండి. బాగున్నా సరే, అది రెండో కాపీకే. ముఖ్యమైనవి మూడు చోట్ల ఉండాలి, అందులో ఒకటి వేరే ఇంట్లో ఉండాలి. పుట్టింట్లో బీరువా ఉండనే ఉందిగా!

ఇదంతా మగవాళ్ళ వ్యవహారమని వదిలేయకండి. ఏ నగ ఏ లాకర్లో ఉందో తెలిసిన మనకి, పిల్లల చిన్నతనం ఏ డిస్కులో ఉందో తెలియకపోతే ఎలా? డిస్కు మీద చిన్న చీటీ అతికించి, అందులో ఏమున్నాయో, ఏ తేదీన కాపీ చేశారో రాయండి. ఆర్నెల్లకోసారి తగిలించి, నాలుగు ఫోటోలైనా తెరిచి చూడండి. తెరుచుకుంటేనే అవి మనకి ఉన్నట్టు.