ఎవరికి తెలియాలి, ఎంత తెలియాలి

‘ఏక్ పేడ్ మా కే నామ్’ 2024 జూన్ 5న మొదలైంది. దేశమంతటా బడిపిల్లల చేత అమ్మ పేరిట మొక్కలు నాటించారు. మంచి పనే. కానీ అమ్మ లేని పిల్లలు, ఉన్నా ఆమె దగ్గర ఉండే వీల్లేక వేరే ఇంట్లో పెరుగుతున్న పిల్లలు కూడా ఆ తరగతుల్లోనే కూర్చుంటారు. ‘‘రేపు అమ్మతో కలిసి ఫొటో తీసుకురండి’’ అని టీచరు అంటే ఆ పిల్ల ఏం చేయాలి? సంగతి ముందే తెలిస్తే ఆ టీచరు ‘‘ఇంట్లో మీకు ఇష్టమైనవాళ్లతో’’ అనేవారు. అంత చిన్న మార్పు చాలు.

అందుకే అంటున్నాను, టీచరుకు తెలియాలి. ఫోస్టర్ కేర్‌లో ఉన్న పిల్లల విషయంలో మరీ తెలియాలి. బాలల న్యాయ చట్టం–2015లోని 44వ సెక్షన్ కింద బాలల సంక్షేమ కమిటీ ఒక పిల్లను సొంతవారు కాని కుటుంబానికి అప్పగించవచ్చు. మిషన్ వాత్సల్య కింద పెంపకానికి నెలకు 4,000 రూపాయలు ఇస్తారు. ఇది దత్తత కాదు. పిల్ల చట్టప్రకారం ఆ ఇంటి బిడ్డ అయిపోదు. కన్నవాళ్లు బతికే ఉండవచ్చు, చూడడానికి రావచ్చు, రాకూడదని కమిటీ ఆంక్ష పెట్టి ఉండవచ్చు. 2024 మార్గదర్శకాల ప్రకారం రెండేళ్లు పెంచిన కుటుంబం దత్తత కోరవచ్చు. ఈలోగా ఏర్పాటు మారినా మారవచ్చు.

ఇక బడి గేటు దగ్గరి సంగతి చూడండి. మధ్యాహ్న భోజనం వేళ ఒకాయన వచ్చి ‘‘నేను వాడి నాన్నని, ఊరికి తీసుకెళ్లాలి’’ అంటాడు. నిజంగా నాన్నే. ఆధార్ కార్డులో పేరు కూడా కలుస్తుంది. పంపాలా, వద్దా? హెచ్.ఎం.కు ఏమీ తెలియకపోతే పంపేస్తారు. ప్రోగ్రెస్ కార్డు మీద ఎవరు సంతకం పెట్టాలి, విహారయాత్రకు ఎవరు ఒప్పుకోవాలి, కమిటీ ముందు హాజరవ్వాల్సిన రోజున బడి మానితే ఎందుకు మందలించకూడదు, ఏడాది మధ్యలో టీసీ అడిగితే ఎంత త్వరగా ఇవ్వాలి, ఇవన్నీ బడికి తెలిసి తీరాల్సినవే.

అయితే మన బడుల్లో ఒకరికి తెలియడమంటే స్టాఫ్ రూమంతటికీ తెలియడమే. అక్కడి నుంచి ఆయమ్మకు, ఆమె నుంచి ఆటో అబ్బాయికి. వారం తిరిగేసరికి వెనక బెంచీ నుంచి ‘‘వాళ్లు నీ సొంత అమ్మానాన్నలు కారంట కదా’’ అనే ప్రశ్న వస్తుంది. పెన్ను పోతే ముందు ఆ పిల్ల సంచీయే వెతుకుతారు. అంతకన్నా మెత్తగా కోసేది జాలి. ‘‘పాపం, వదిలేయండి’’ అంటూ హోంవర్క్ అడగరు, కష్టమైన లెక్క ఇవ్వరు. చదువు మీద ఆశ పెట్టుకోని టీచరు చేతిలో ఆ పిల్ల రెండోసారి నష్టపోతుంది. నన్ను ఎక్కువగా భయపెట్టేది ఇదే.

ఇలాంటి పిల్లల పేరును, చదివే బడిని పత్రికలో వేయకూడదని అదే చట్టంలోని 74వ సెక్షన్ చెబుతోంది. వేస్తే ఆరు నెలల వరకు జైలు, లేదా రెండు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. మరోవైపు ‘అనాథ పిల్లలకు నోటు పుస్తకాల పంపిణీ’ అని బ్యానర్ కట్టి, పిల్లల్ని వరసగా నిలబెట్టి ఫొటోలు తీయించే దాతలకు బడి గేట్లు తెరిచే ఉంటాయి. ఇది ఆగాలి.

ఇంగ్లండ్‌లో ఇలాంటి పిల్లల కోసం ప్రతి ప్రభుత్వ నిధుల బడిలో ఒక టీచరును ప్రత్యేకంగా నియమించాలన్నది చట్టం. ఒక్కో పిల్లకు ఒక్కో చదువు ప్రణాళిక రాసి, టర్మ్ టర్మ్‌కూ సరిచూస్తారు. మనకు అంత హంగు లేకున్నా ఫరవాలేదు. హెచ్.ఎం.కు, క్లాస్ టీచరుకు తెలిస్తే చాలు. వాళ్లకు తెలియాల్సింది కూడా ఇప్పటి ఏర్పాటు గురించే: ఎవరికి ఫోన్ చేయాలి, ఎవరితో పంపకూడదు, ఏ మాట దగ్గర జాగ్రత్తపడాలి. నాన్న తాగేవాడా, అమ్మ ఎందుకు వదిలేసింది, ఆ ఇంట్లో ఏం జరిగింది అన్నవి బడికి అనవసరం. అవి జిల్లా బాలల సంరక్షణ విభాగం ఫైల్లోనే ఉండాలి. హాజరుపట్టీలో పేరు పక్కన ఎర్ర సిరా గుర్తులు అసలే వద్దు.

పిల్ల మాట వినాలన్నది కూడా మన బాలల న్యాయ చట్టం మూలసూత్రాల్లో ఒకటి. కాబట్టి తన సంగతి బడిలో ఎవరికి చెబుతున్నారో ఆ పిల్లకు ముందే చెప్పాలి, ఎవరికి చెప్పాలో అడగాలి. తొమ్మిదో తరగతి అమ్మాయి ‘‘మా క్లాస్ టీచరుకు వద్దు, తెలుగు మేడంకు చెప్పండి’’ అంటే, ఆ తెలుగు మేడంకే చెప్పాలి.