పిక్నిక్‌లో మనం చూసిందేమిటి?

పిక్నిక్ అనగానే ఇంట్లో మిగతావాళ్లకి ఆదివారం పొద్దున మొదలవుతుంది. మనకి మాత్రం శనివారం రాత్రి చింతపండు నానబెట్టడంతోనే మొదలు. పులిహోర, పెరుగన్నం, పిల్లల బట్టలు, అత్తగారి మందులు అన్నీ సర్దుకుని తీరా అక్కడికి వెళ్లాక, దుప్పటి పరిచి సామాన్లకి కాపలా కూర్చునేదెవరు? మళ్లీ మనమే! తిరిగొచ్చాక పక్కింటావిడ "ఏం చూశారు?" అంటే "బాగుందండీ, చల్లగా ఉంది" అంటాం. చూస్తే కదా చెప్పడానికి!

ఈ మాట ఇప్పుడెందుకంటే, కిందటి జనవరిలో మూడు కుటుంబాలం కలిసి కాకినాడ దగ్గరున్న కోరింగ అభయారణ్యానికి వెళ్లాం. గోదావరి సముద్రంలో కలిసేచోట బురదలో పెరిగిన మడ అడవి అది. 1978లో అభయారణ్యంగా ప్రకటించారు. విస్తీర్ణం 235 చదరపు కిలోమీటర్ల పైమాటే. సందర్శకులు నడవడానికి అడవి మధ్యనుంచి చెక్కబాట వేశారు.

మావాళ్లందరిదీ ఒకటే ధ్యాస, బావురుపిల్లి కనిపించాలని. నీళ్లలో దిగి చేపలు పట్టే ఈ పిల్లికి కోరింగ పెట్టింది పేరు. కానీ అది ఎక్కువగా రాత్రిపూట తిరిగే జంతువు. పట్టపగలు పదమూడుమంది కేకలేసుకుంటూ వెళితే ఎదురొచ్చి నిలబడుతుందా? మావాళ్లు గబగబా నడిచేసి, ఫోన్లో నాలుగు ఫొటోలు తీసుకుని "ఇక్కడేం లేదు" అని తేల్చేశారు.

మా తోడికోడలికి మోకాళ్ల నొప్పులు. ఆవిడతోపాటు నేనూ వెనకబడి, ఒక మలుపు దగ్గర ఆగిపోయాను. అది ఆటు సమయం. నీరు తీసేసి బురద బయటపడింది. మొదటి అయిదు నిమిషాలు మాకూ ఏమీ కనిపించలేదు. తర్వాత చూద్దుము కదా, బురదంతా కదులుతోంది! బొరియల్లోంచి చిట్టిపీతలు బయటికొచ్చాయి. వాటిలో మగపీతకి ఒక డెక్క ఒంటికి మించినంత పెద్దగా ఉంటుంది. దాన్ని ఊపుతూ ఆడపీతని పిలుస్తుంది. "పెళ్లిచూపులన్నమాట!" అని మా తోడికోడలు ఒకటే నవ్వు. ఆ పక్కనే నెత్తిమీద కళ్లున్న చేపలు ముందు రెక్కలతో బురదమీద పాకుతున్నాయి. ఒంటిమీద తడి ఉన్నంతసేపూ అవి చర్మంతో కూడా ఊపిరి తీసుకోగలవు.

బురదలోంచి మేకుల్లా పైకి పొడుచుకొచ్చినవి చెట్ల వేళ్లట. అడుగున గాలాడదు కనక పైకొచ్చి గాలి పీల్చుకుంటాయి. కొన్నిరకాల మడచెట్లకి గింజ కొమ్మమీద ఉండగానే మొలకెత్తి, మునక్కాయలా వేలాడి, ఆ తర్వాతే కిందపడి బురదలో నాటుకుంటుంది. తల్లిచెట్టు బిడ్డని కాస్త పెంచి మరీ పంపుతుందన్నమాట. "ఏం లేదు" అన్నచోట ఇంత ఉంది!

మాకు ఓపిక ఎక్కువని ఈ గొప్ప చెప్పడం లేదు. ఆ అరగంట మమ్మల్ని ఎవరూ పిలవలేదు, అంతే. "అన్నాలు పెట్టరా?" అన్న కేక వినపడగానే ఆ ముచ్చటా అయిపోయింది.

ఆడవాళ్లు చూస్తే ఏమిటి, చూడకపోతే ఏమిటి అంటారేమో. మన వంటింట్లోకొచ్చే రొయ్యల్లో, చేపల్లో కొన్నిరకాలు పిల్లలుగా ఉన్నప్పుడు పెరిగేది ఇలాంటి మడనీళ్లలోనే. 1839 నవంబరులో వచ్చిన ఉప్పెన ఈ కోరింగ రేవునే నాశనం చేసింది. అలాంటి అలల జోరుని కొంతైనా తగ్గించే గోడ ఈ అడవే. దీని విలువ పిల్లలకి చెప్పాల్సింది మనం. మనమే చూడకపోతే ఏం చెబుతాం?

అందుకే నేననేది, ఈసారి వెళ్లేటప్పుడు వంట తగ్గించండి. చపాతీలో, అరటిపళ్లో చాలు. వడ్డన మగవాళ్లకీ పెద్దపిల్లలకీ అప్పజెప్పండి. చేతులు అరిగిపోవు! వలసపక్షులు కూడా కనిపించాలంటే చలికాలమే మంచిది. ఆటుపోట్లు రోజుకి రెండేసిసార్లు వస్తాయి. వేళలు రోజూ దాదాపు యాభై నిమిషాలు జరుగుతుంటాయి కనక, ముందురోజే స్థానికుల్ని అడిగి ఆటు వేళకి చేరుకోండి. ఫోన్లో పాటలొద్దు. ప్లాస్టిక్ కవర్లు తిరిగి ఇంటికే తెచ్చుకోండి. అన్నిటికంటే ముఖ్యం, ఒకచోట అరగంట కదలకుండా కూర్చోండి. ఆ అరగంట "అమ్మని పిలవకూడదు" అని ఇంటిల్లిపాదికీ ముందే చెప్పేయండి.

బావురుపిల్లి కనిపించకపోవచ్చు. కానీ కనిపించినవాటి గురించి పక్కింటావిడకి గంటసేపు చెప్పొచ్చు. ఏమంటారు?