తెలుగు పుటకు తెలుగే కొలత

ఈ కాలమున పుస్తకము వెలువడక మునుపే దాని బొమ్మ వెలువడుచున్నది. కంప్యూటరులో కల్పించిన అట్టను బల్లమీద నిలిపినట్లు చూపి, దానికి మాకప్ అని పేరిడి మురియుచున్నారు. వెబ్ పుటలకును ముందుగా నమూనాయే పుట్టుచున్నది. నమూనాను మేము నిందింపము. ఇల్లు కట్టుటకు ముందు పటము గీయుట వివేకమే. కాని అందు కాపురముండువారి కొలత నెఱుగక గీసిన పటమేల?

నమూనాలను నింపుటకు సాధారణముగ లోరెం ఇప్సం అను లాటిను పంక్తులను వాడుదురు. సిసిరో క్రీ. పూ. 45లో రచించిన నీతిగ్రంథమునుండి తునియలుగ తీసిన, అర్థము చెడిన మాటలివి. వీనికి ఒత్తులు లేవు, గుడులు లేవు. వీనికి చాలిన వరుసల యెడములో పిమ్మట తెలుగును పోసిన నేమగును? పై వరుస ఒత్తు క్రింది వరుస గుడిని తాకును. పెట్టె యంచున నున్న ఒత్తు తెగిపోవును. ఒత్తు తెగిన ‘కల్ల’ ‘కల’ యగును. ‘కన్ను’ ‘కను’ అగును. ఇది అందమునకు కలిగిన లోటు కాదు, అర్థమునకు కలిగిన చేటు. కూడబలుకుకొని చదువు బాలుడు తప్పు పుటదని యెఱుగడు. తెలుగే కఠినమని తలచి ఆంగ్లపుటకు మరలును.

ఒత్తులకు చోటిచ్చిన పుటలు పెరుగును, వెల పెరుగునని కొంద ఱాక్షేపింతురు. నిజమే, కొంత పెరుగును. అంతమాత్రమున చెప్పునకు సరిపడునట్లు కాలు కోసికొందుమా? వరుసల యెడమును అక్షర పరిమాణమునకు ఒకటిన్నర రెట్లు చేసినను పుటలో విషయము లోపింపరాదని 2018లో వెలువడిన వెబ్ సౌలభ్య నియమావళియే విధించుచున్నది. మంచి ఫాంటులు లేవనుటయు చెల్లదు. మండలి, రామభద్ర, గిడుగు మొదలగునవి గూగుల్ ఫాంట్స్‌లో ఉచితముగ లభించుచున్నవి.

ఇక ప్రింట్ ఆన్ డిమాండ్ పద్ధతిని చూడుడు. ఆఫ్‌సెట్ అచ్చునకు ప్లేట్లు చేయవలెను గనుక కొద్ది ప్రతులు గిట్టవు. వందలకొలది వేయించి, అమ్ముడుపోనివానిని అటకమీద పేర్చుకొనుట మన రచయితల కలవాటు. కొత్త పద్ధతిలో అడిగినపుడే, ఫైలునుండి నేరుగ, ఒక్క ప్రతియైనను అచ్చగును. ఒక్కొక్క ప్రతికి వ్యయ మెక్కువయైనను నిలువ బాధ లేదు. అంతకంటె గొప్ప మేలు మఱియొకటి కలదు: తప్పు కనబడినచో ఫైలును సవరించిన చాలును, తరువాతి ప్రతి ఆ తప్పు లేకయే వచ్చును. పూర్వము గ్రంథాంతమున తప్పొప్పుల పట్టిక చేర్చి మన్నింపుడని వేడుట తప్ప గతి లేకుండెను. నే డా నెపము చెల్లదు. అయినను అట్టబొమ్మకు పది మార్పులు చేయించువారు లోపలి పుటలను ఒక్కమారైన కాగితముమీద చూచుకొనరు. పైన పటారము, లోన లొటారము!

కావున మేము కోరునది స్వల్పము. నమూనాలో లాటిను పంక్తులకు మారుగ, ఒత్తులును గుడులును దండిగ నున్న తెలుగు వాక్యములను నింపుడు. పుస్తకమును ప్రకటించుటకు ముందు ఒక్క ప్రతి అచ్చువేయించి, రచయిత గాక మఱియొకరిచే ఆమూలాగ్రము చదివింపుడు. ఒక్క ప్రతిని అచ్చువేయగల యంత్రము మనకు లభించినది; ఆ యొక్క ప్రతిని ఓపికతో చదువు కన్నులే కావలసియున్నవి.